కొలనుకు పోవు మార్గము: పదకొండు సూచనలు

దారి సరిగ్గా చెప్పేవాడు సమాజానికి శత్రువని నేను చాలాకాలంగా అనుమానిస్తున్నాను. మొన్న జనవరిలో ఈతపోటీకి వెళ్ళివచ్చాక ఆ అనుమానం కాస్తా సిద్ధాంతమైంది.

కోపగించుకోకండి, కాస్త ఆలోచించండి. సరిగ్గా దారి చెబితే ఏమవుతుంది? మనిషి తిన్నగా వెళ్తాడు, పని చూసుకుంటాడు, తిన్నగా ఇంటికొస్తాడు. వాడికి దేశం తెలుస్తుందా? కొత్త మనిషి ముఖం చూస్తాడా? మా హెడ్మాస్టరుగారి తమ్ముడు, పెళ్ళిళ్ళ మధ్యవర్తి రాసిచ్చిన చీటీ పట్టుకుని హుజూరాబాద్‌కు పెళ్ళిచూపులకు వెళ్ళాడు. చీటీ ప్రకారం పోయి వేరే ఇంట్లో దిగాడు. అక్కడ ఉప్మా తిన్నాడు, పిల్లను చూశాడు, ఒప్పుకుని వచ్చాడు. ఇప్పుడు వాళ్ళకు ఇద్దరు పిల్లలు. అసలు చూడవలసిన అమ్మాయి పొద్దునా సాయంత్రమూ హార్మోనియం వాయిస్తుందని తర్వాత తెలిసింది. ఇది ఆ చీటీ చలవ కాదా?

ఇంకొకాయన ఒక పెద్ద కచేరీలో ఏడో నంబరు గది వెతుకుతూ పదకొండు రోజులు తిరిగాడు. గది దొరకలేదు గాని, పన్నెండో రోజుకల్లా మిగతా గదులన్నీ, వాటిలోని గుమాస్తాలందరూ ఆయనకు కంఠతా వచ్చేశారు. ఇప్పుడు ఆ కచేరీ ముందే బల్ల వేసుకుని అర్జీలు రాస్తూ సుఖంగా బతుకుతున్నాడు. గది దొరికి ఉంటే ఏమయ్యేవాడు? పని ముగించుకుని ఊరికి పోయి వ్యవసాయం చేసుకునేవాడు, పాపం.

ఇక నా సంగతి. నేను గోదావరిఖనిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పంతులను. ఈత రాదు. అయినా కిందటి నెలలో నన్ను ఈతజట్టుకు మేనేజరును చేశారు. జట్టులో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి పేరు రాయమల్లు.

రాయమల్లు బొగ్గుబాయిలో దిగి పనిచేస్తాడు. గోదావరి ఒడ్డున బెస్తవాళ్ళ ఇంట్లో పుట్టి, నడక కంటే ముందు ఈత నేర్చుకున్నవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. ఆయన భార్య ఎల్లక్క మా వీధి చివరి క్వార్టర్లో ఉంటుంది. ఆయన మాటలు కూడా తనే మాట్లాడుతుంది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో, గని లోపల ఒక పాత సొరంగం గోడ తెగి నీళ్ళు వచ్చిపడ్డాయి. దీపాలు ఆరిపోయాయి. రాయమల్లు ఆ చీకట్లో ఈదుకుంటూ ఇద్దరిని మెడ కింద చెయ్యేసి లాక్కొచ్చాడు. మూడోవాడి కోసం మళ్ళీ వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు. నాకు చెప్పింది ఎల్లక్కే. ఆనాటి నుంచి ఆయన పనికి వెళ్ళిన పూట ఆమె ముద్ద ముట్టదట. ఆయన పైకి వచ్చి కాళ్ళు కడుక్కున్నాకే ఇద్దరూ తింటారట. గనిలోకి దిగనక్కరలేని పైపని కోసం అడిగారు. అప్పటికే అడిగినవాళ్ళు చాలామంది ముందు నిలబడి ఉన్నారు.

సరిగ్గా అప్పుడే ఆ ఆహ్వానం వచ్చింది.

జమ్మికుంట దగ్గర చింతలగట్టు అనే ఊళ్ళో ఒక పాత దొరగారి గడీ ఉంది. దొరగారు పట్నం వెళ్ళిపోయారు. ఆయన స్నానానికని కట్టించుకున్న సిమెంటు కొలను మిగిలింది. ఒక క్రీడాసంఘం దాన్ని తీసుకుని, సున్నం వేయించి, స్విమ్మింగ్ పూల్ అని పేరు పెట్టింది. ప్రారంభోత్సవం నాడు ఈతపోటీ. ఎవరైనా రావచ్చు. గెలిచినవాళ్ళకు ఆ కొలను దగ్గరే ఈత మాస్టరు ఉద్యోగం, గడీలో ఉండటానికి ఒక గది.

ఆహ్వానంతో పాటు ఒక కాగితం వచ్చింది. స్టెన్సిల్ కోసి తీసిన కాపీ. పైన సంఘం ముద్ర, కింద కార్యదర్శి జనార్దన్‌రావుగారి సంతకం, మధ్యలో ఇంగ్లీషులో పదకొండు సూచనలు. మీ ఊరి నుంచి మా కొలనుకు ఎలా చేరాలన్నదే విషయం.

ఎల్లక్క ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సారూ, నువ్వు గూడ మాతోని రావాలె. నీళ్ళల్ల ఎవ్వలు గెలుస్తరో నాకెరుకే. తొవ్వల తప్పద్దు, గంతే."

అంత నమ్మకం నా మీద మా ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ పెట్టలేదు. ఒప్పుకున్నాను.

ఆ కాగితాన్ని నేను ఆ రాత్రి మూడుసార్లు చదివాను. మొదటి సూచన ఇది: మీ ఊరి నుంచి బయలుదేరవలెను. ఎంత ముందుచూపు! బయలుదేరకుండానే చేరుకుందామని చూసే సోమరులు ఈ దేశంలో ఎంతమంది లేరు?

రెండవది, కరీంనగర్, హుజూరాబాద్ మీదుగా జమ్మికుంట రోడ్డు పట్టవలెను. మూడవది, ఏడో రాయి దాటిన పిమ్మట ఎర్రబండి నిలిచి ఉన్నచోట ఎడమకు తిరగవలెను. నాలుగవది, పూర్వము చింతచెట్టు ఉండిన స్థలమున కుడికి తిరగవలెను. ఆ తర్వాత బెల్లం వాసన వచ్చే దిక్కు, కుక్క మొరిగే ఇల్లు మొదలైనవి ఉన్నాయి. పదవది, కల్లు దుకాణము కనిపించినచో దారి తప్పితిరని గ్రహించవలెను. పదకొండవది అన్నిటికీ తలమానికం. దారిలో ఎవరినీ అడగనవసరము లేదు, సమస్తమూ ఇందులో కలదు.

ఆదివారం పొద్దున పది గంటలకు పోటీ. తొలికోడి కూసే వేళకే బయలుదేరాం. గనికి దుంగలు తోలే లారీ ఒకటి ఆదివారం ఖాళీగా ఉంటుంది. దాని డ్రైవరు కొమురెల్లి రాయమల్లుకు దోస్తు. ముందు సీట్లో కొమురెల్లి, కాగితంతో నేను. వెనక దుంగల పొట్టు మధ్యలో గొంగడి కప్పుకుని రాయమల్లు, జొన్నరొట్టెల మూటతో ఎల్లక్క.

హుజూరాబాద్ దాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ దారి కొమురెల్లికి కాగితం పుట్టకముందు నుంచీ తెలుసు.

జమ్మికుంట రోడ్డు పట్టాక కొమురెల్లి లారీ నెమ్మది చేశాడు.

"సారూ, ఏడో రాయి అంటే ఏ ఏడు? పాత మైళ్ళదా, గీ కొత్త కిలోమీటర్లదా? రోడ్డోళ్ళు సగం రాళ్ళకు గిది రాసిండ్రు, సగం రాళ్ళకు గదే ఉంచిండ్రు."

నేను కాగితం చూశాను. "ఏడు అని మాత్రమే ఉంది."

"ఏడు రెండున్నయి."

ఇది కదా స్వేచ్ఛ అంటే. ఒకే ఏడు ఉంటే మనకు ఎంచుకునే హక్కు ఎక్కడిది? నేను పెద్ద ఏడును ఎంచుకున్నాను. పాత మైళ్ళ ఏడు దాటేసరికి జమ్మికుంట కనిపించనే కనిపించింది. రోడ్డు మీద పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, కనుచూపు మేరంతా బండ్లే. వాటిలో నిజంగానే ఒక ఎర్రబండి ఉంది. చక్రాలకు, నొగలకు కొత్తగా ఎర్రరంగు వేసి నిగనిగలాడుతోంది. నిలిచే ఉంది కూడా.

"అదిగో" అన్నాను, గర్వంగా.

కొమురెల్లి ఎడమకు తిప్పాడు. అది పత్తి మార్కెట్ గేటుకు పోయే దారి. మా వెనక ఇంకో నాలుగు బండ్లు వచ్చి ఆనుకుని నిలబడ్డాయి. ఎద్దులు మా లారీని ఒకసారి చూసి నెమరువేసుకోవటంలో పడ్డాయి.

కొమురెల్లి తల బయటికి పెట్టి ఎర్రబండి ఆసామిని అడిగాడు. "తాతా, గీ లైను ఎప్పుడు కదుల్తది?"

"రేపు" అన్నాడు ఆయన. "ఇయ్యాల ఐతారం గద. గేటు రేపు తీస్తరు."

ఆ బారులోంచి బయటపడటానికి గంటన్నర పట్టింది. రాయమల్లు దిగి, ఒక్కొక్క బండి ఆసామికీ దండం పెట్టి, ఎద్దులను విప్పించి, బండ్లను తనే భుజం పెట్టి పక్కకు నెట్టాడు. పోటీకి ముందు ఒళ్ళు వేడెక్కడం మంచిదని ఇంగ్లీషు పుస్తకాల్లో చదివాను. చూశారా, ఆ కాగితం మా ఆటగాడి వ్యాయామం సంగతి కూడా మరిచిపోలేదు.

వెనక్కి వచ్చి చిన్న ఏడు వెతికాం. దాన్ని దాటాక ఎడమకు ఒక మట్టిబాట కనిపించింది. అక్కడ బండి లేదు, ఎర్రదీ లేదు, నల్లదీ లేదు. అయినా సాహసించి తిరిగాం. ఇక మిగిలింది పూర్వం చింతచెట్టు ఉండిన స్థలం.

చెట్టు ఉన్న స్థలాన్ని ఎవడైనా కనుక్కుంటాడు. చెట్టు లేని స్థలాన్ని కనుక్కోవటానికి చదువు కావాలి. నేను లారీ దిగి, నలుదిక్కులా చూశాను. ఎటు చూసినా చెట్టు లేని స్థలాలే ఉన్నాయి.

అప్పుడు ఎదురుగా పత్తికట్టె మోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె వచ్చింది. నేను వద్దని చెయ్యి ఊపేలోపే ఎల్లక్క లారీ మీంచి పలకరించింది.

"అవ్వా, ఈడ చింతచెట్టు ఒకటి ఉండెనట, యాడ?"

ముసలామె మోపు దించకుండానే ఆలోచించింది. "గీ తొవ్వల నాకెరుకనే ఏడు చింతలు పోయినయి బిడ్డా. పటేలు కొట్టిచ్చింది ఒకటి, గాలివానకు పడ్డది ఒకటి, పిడుగు పడి కాలింది ఒకటి. మీకు ఏది గావాలె?"

నేను కాగితం తిప్పి వెనక కూడా చూశాను. ఏ చింత అన్నది లేదు.

"ఇంతకు యాడికి పోతుండ్రు?" అందామె.

"చింతలగట్టు గడీల ఈత పోటీ ఉన్నదట."

"దొర తానం జేసే తొట్టా? గా మాట ముందుగాల చెప్పరాదె. గీ వాగు గట్టు పట్టుకొని పోండ్రి. గడీ ఎనుక దర్వాజ కాడ తేల్తరు. మైలు గూడ లేదు."

అప్పుడు నా గడియారంలో తొమ్మిదిన్నర. వాగు గట్టు కళ్ళముందే ఉంది. లారీ పట్టేంత వెడల్పు కూడా ఉంది.

ఇక్కడ, పాఠకులారా, నేను మీ సానుభూతి కోరుతున్నాను. నేను బి.ఏ. చదివినవాణ్ణి. నా చేతిలో ముద్ర వేసిన కాగితం ఉంది, దాని మీద సంతకం ఉంది, దారిలో ఎవరినీ అడగనవసరం లేదని స్పష్టంగా ఉంది. ఎదురుగా ఉన్నది సంతకం రాని ఒక ముసలామె. ఎవరి మాట వినాలి? మీరైతే ఏంచేసేవారు?

నేను కాగితం మాటే విన్నాను. "ఆమె చెప్పేది వేరే దారి. మనకు వచ్చిన దారిలో వాగు ప్రస్తావన లేదు" అన్నాను.

ఎల్లక్క నా ముఖం వైపు చూసింది. ముసలామె వైపు తిరిగి పేరు అడిగింది. నాగవ్వట. కొమురెల్లి బండి తిప్పాడు. నేను చూపించిన చెట్టు లేని స్థలంలో కుడికి తిరిగాం.

తర్వాత ముప్పావుగంట సేపు మేము చూసిన దేశాన్ని నేను వర్ణించలేను. బెల్లం వాసన వచ్చింది గాని గాలి రెండుసార్లు మారింది. కుక్క మొరిగే ఇల్లు వచ్చింది. ఆ ఊళ్ళో అన్ని ఇళ్ళ ముందూ కుక్కలు మొరిగాయి. చివరికి తాటివనం మధ్యలో ఒక గుడిసె కనిపించింది. దాని ముందు కుండలు, ముంతలు.

"కల్లు దుకాణం" అన్నాడు కొమురెల్లి.

ఆ పూట కాగితంలో రాసినట్టు నూటికి నూరుపాళ్ళు జరిగింది అదొక్కటే. దారి తప్పామని గ్రహించాం.

మాకంటే ముందే అక్కడ ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందులో ఒకతని చేతిలో అచ్చం మా కాగితం లాంటిదే ఉంది. వాళ్ళు జైనూర్ నుంచి వచ్చిన జట్టు. అడవిలోంచి ఎడ్లబండి మీద, తర్వాత బస్సులో, తర్వాత రైల్లో రెండు రోజులు ప్రయాణం చేసి జమ్మికుంట స్టేషన్లో దిగారు. అక్కడి నుంచి కాగితం పట్టుకుని నడిచారు. వాళ్ళ ఈతగాడు జంగు అనే గోండు యువకుడు. నా చేతిలో కాగితం చూసి నవ్వాడు.

"మీరు బీ వచ్చిండ్రా గురూజీ?"

మంథని నుంచి రావలసిన మూడో జట్టు రాలేదు. వాళ్ళు అదే కాగితం పట్టుకుని వరంగల్ దాకా పోయి, అక్కడ మ్యాట్నీ చూసి, సంతోషంగా ఇంటికి పోయారని తర్వాత తెలిసింది. మా అందరిలోకీ ప్రయాణం ఫలించింది వాళ్ళకే.

గడియారం చూశాను. పదింబావు. ఎవరూ ఏమీ అడగకముందే రాయమల్లు అన్నాడు.

"పది అయిపోయింది గద సారూ."

కోపం లేదు, నింద లేదు. అదే నాకు కష్టంగా తోచింది. రాయమల్లు గొంగడి మడిచి గట్టు మీద పెట్టి కూర్చున్నాడు. ఎల్లక్క రొట్టెల మూట విప్పి జంగుకు, వాళ్ళ మనుషులకు తలా ఒకటి పెట్టింది.

తిన్నాక జంగు లేచాడు. దుకాణం వెనక వాగు మలుపు తిరిగేచోట పెద్ద మడుగు ఉంది. జనవరి అయినా నీళ్ళు నిండుగా ఉన్నాయి. దాన్ని చూపిస్తూ అన్నాడు.

"గింత దూరం వచ్చినం. నీళ్ళు ముట్టకుంట ఎట్ల పోతం?"

రాయమల్లు ఒక్క క్షణం ఎల్లక్క వైపు చూసి, అంగీ విప్పాడు.

పోటీ పెట్టేశాం. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయి రావటం, అట్లా నాలుగుసార్లు. అంపైరు దుకాణం నడిపే గంగయ్య. ఆయన ముంత మీద కట్టెతో కొట్టాడు, ఇద్దరూ దూకారు. తాటిచెట్లు ఎక్కి ఉన్న కల్లుగీతవాళ్ళు అక్కడి నుంచే చూశారు. వాళ్ళవే మంచి సీట్లు.

రాయమల్లు ఈత నేను చూడటం అదే మొదలు. పెద్దగా చప్పుడు లేదు. నీళ్ళు చిమ్మటం లేదు. జంగు కొండవాగులో నేర్చిన ఈత, బలంగా కొట్టుకుంటూ పోతున్నాడు. రాయమల్లు మాత్రం నీళ్ళకు ఏదో చెప్పి ఒప్పించినట్టు వాటి మధ్యలోంచి జారిపోతున్నాడు. మూడో తిరుగుకు సగం మడుగు ముందున్నాడు. నాలుగో తిరుగు ముగించి ఒడ్డెక్కి, వెనక్కి తిరిగి చెయ్యి చాచి జంగును పైకి లాగాడు.

జంగు రొప్పుతూ చాలాసేపు ఆయన్నే చూశాడు. "గిట్ల ఈదెటోడు బొగ్గుబాయిల ఏంజేస్తుండు?" అన్నాడు మా వైపు తిరిగి.

గంగయ్య ఒక ముంత తెచ్చి గెలిచినవాడి చేతికిచ్చాడు. ఎల్లక్క నా పక్కనే నిలబడి ఉంది. ఆమె మెల్లగా అంది.

"ఆయన నీళ్ళల్ల ఉంటే పానం దడదడ గొట్టుకోకుంట సూసుడు ఇదే పస్టు సారూ."

తర్వాత ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. "ఇగ నాగవ్వ జెప్పిన తొవ్వల పోదం. పోటీ అయిపోయినా మనిషినైతె సూస్తరు గద."

వాగు గట్టు పట్టుకుని పోయాం. జంగు జట్టు కూడా లారీ ఎక్కింది. దుకాణం కాడి నుంచి నాగవ్వ కనిపించిన చోటికి, అక్కడి నుంచి గడీ వెనక దర్వాజాకు. మొత్తం ఇరవై నిమిషాలు. మైలు కూడా లేదన్న మాట అక్షరాలా నిజం.

లోపల షామియానా విప్పుతున్నారు. బంతిపూల దండ వేసుకున్న ఒక పాతికేళ్ళ మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది, ఆ పైన ఇస్త్రీ చెక్కుచెదరలేదు. నేను కొలనులోకి తొంగిచూశాను. తడిసిన గీతకు, నీటిమట్టానికి చక్కగా లెక్క సరిపోయింది. తోటలోని పూలకుండీలకు, వేదిక ముందు దుమ్ము అణచటానికి నీళ్ళన్నీ వాడేశారట. మోటరుకు మళ్ళీ కరెంటు రాలేదట.

ఆయనే విజేత. పేరు సీతారాంరావు. కార్యదర్శి జనార్దన్‌రావుగారి బామ్మర్ది. మనిషి మంచివాడు. నేను అభినందిస్తే సిగ్గుపడ్డాడు.

"నాకు ఈత రాదండి. బావ నిలబడుమన్నడు, నిలబడ్డ. ఆ కొసకు నడువుమన్నడు, నడిచిన." మెడలో దండ సర్దుకుంటూ, "రెండో బహుమతి, మూడో బహుమతి గూడ నాకే ఇచ్చిండ్రు. వేరేటోళ్ళు ఎవ్వరు రాలేదు" అన్నాడు.

జనార్దన్‌రావుగారు మాకు ఎదురొచ్చారు. తెల్లని ఖద్దరు, చేతిలో రిజిస్టరు. అంత మర్యాదస్థుణ్ణి నేను ఈ మధ్యకాలంలో చూడలేదు. మా అందరికీ కుర్చీలు వేయించారు, నిమ్మరసం తెప్పించారు.

"అయ్యో, గింత ఆలస్యమైందే. మేం పంపిన కాగితం అందలేదా?"

"అందింది" అన్నాను.

"మరి?" అన్నారాయన, నిజంగా బాధపడుతూ.

రాయమల్లు కుర్చీలో కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, ఆ రోజులో మొదటిసారి రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడాడు.

"అయ్యా, పోటీ అయిపోయిందని ఎరుకే. జర నీళ్ళు నింపిస్తే ఒక్కసారి దిగుత. మీరు నా ఈత సూడుండ్రి. బాగలేదంటే పోత. బాగుందంటే గీ కొలువుకు నన్ను బీ యాదిల పెట్టుకోండ్రి."

"నిన్ను కాదన్నదెవరు నాయనా?" అన్నారు జనార్దన్‌రావుగారు. రిజిస్టరు తెరిచి చూపించారు. "చూడు, పది గంటలకు నీ పేరు పిలిచినం. ఒక్కసారి గాదు, మూడుసార్లు పిలిచినం. అందరు విన్నరు. నువ్వు రాలే. గైర్హాజరు అని రాసినం. పేరు గూడ ఒక్క అక్షరం తప్పు లేకుంట రాసినం."

రాయమల్లు ఆ అక్షరాల వైపు చూశాడు. ఆయనకు చదవటం రాదు. జంగు కూడా వంగి చూశాడు. అతని పేరు కూడా ఏ తప్పూ లేకుండా ఉంది. ఇద్దరూ దండం పెట్టి వచ్చేశారు. ఇంత మర్యాద తర్వాత దండం పెట్టకుండా ఎట్లా రావటం?

ఈసారి ముందు గేటులోంచి బయటికొచ్చాం. గేటు దాటగానే కొమురెల్లి బ్రేకు వేశాడు.

నేలంతా చదునుచేసి నీళ్ళు చల్లిన రోడ్డు. రెండు పక్కలా సున్నపు గీతలు. వంద గజాలకొకటి చొప్పున తెల్లని చెక్క బోర్డులు, ప్రతి బోర్డు మీదా ఎర్రని బాణం గుర్తు, దాని కింద 'స్విమ్మింగ్ పూల్'. ఆ రోడ్డు ఎక్కడా వంకర తిరగకుండా అరమైలు పోయి పెద్దరోడ్డులో కలిసింది. పొద్దున మేము ఆ మలుపు ముందు నుంచి రెండుసార్లు పోయాం. ఆ చివర బోర్డు ఒక్కటే లేదు. ప్రారంభోత్సవానికి పెద్దసార్లు వచ్చే జీపులకు ఆ మలుపులో దారి చూపటానికి బోర్డు ఎందుకు? అక్కడ జవానును నిలబెట్టారట, జీపులు వచ్చేసరికి.

ఒక మనిషి ఆ బోర్డులను ఒక్కొక్కటే పీకి ఎడ్లబండిలో వేస్తున్నాడు.

"ఎందుకు పీకుతున్నవే?" అడిగాడు కొమురెల్లి.

"పెద్దసార్ల జీపులకని నాటినం. ఆళ్ళు అచ్చిండ్రు, పోయిండ్రు. ఇగ ఎవలికి?"

ఎల్లక్క లారీ దిగింది. బండిలోంచి ఒక బోర్డు తీసి చూసింది. "గిదొకటి నాకియ్యరాదె" అంది. ఆ మనిషి మా లారీని, తడి ఆరని రాయమల్లు తలను చూశాడు. "తీస్కపో అక్కా" అన్నాడు.

ఇక నా సిద్ధాంతానికి వస్తాను. దారి తప్పించే కాగితం నిజంగా గొప్ప వరం. ఎందుకో చెబుతాను, వినండి. వెనకటి రోజుల్లో గడీ దొర ఉంటే రాయమల్లును గేటు దగ్గరే ఆపించి, "నీకు ఈడ పనేంది, పో" అనేవాడు. ఆ మాట అన్నవాడెవడో తెలిసేది. వాడి మీద కోపం వచ్చేది. ఆ కోపాలు పెరిగి పెరిగి ఈ తాలూకాల్లో ఏమేం జరిగాయో మీలో పెద్దవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు ఎవరూ అట్లా అనరు. రమ్మంటారు. ముద్ర వేసి మరీ రమ్మంటారు. పేరు తప్పు లేకుండా రాస్తారు, మూడుసార్లు పిలుస్తారు, రాకపోతే బాధపడతారు, నిమ్మరసం ఇస్తారు. వద్దు అన్నవాడు ఒక్కడూ కనపడడు. వద్దన్నది చింతచెట్టు, ఎర్రబండి, ఏడో రాయి. రాయి మీద ఎవడు తిరగబడతాడు? ఇంత శాంతియుతమైన పరికరం మన కాలంలో ఇంకొకటి ఉందా? దీన్ని ఈతకొలనుకు మాత్రమే పరిమితం చేశారనుకున్నారా? మీ ఇంట్లో ఉన్న ఏ దరఖాస్తు కాగితమైనా తీసి చూడండి.

ఒక్క లోపం ఉంది. ఆ పరికరం దానంతటదే పనిచేయదు. దాన్ని గట్టిగా చదివి, నాగవ్వలు చెప్పే దారిని కాదనటానికి ఒక బి.ఏ. కావాలి. ఆ పని నేను లోపం లేకుండా చేశాను. తొమ్మిదిన్నరకు వాగు గట్టు నా కళ్ళముందే ఉంది. ఈ ఒక్క వాక్యం రాయటానికే ఇంత వ్యాసం రాయవలసివచ్చింది.

వారం తర్వాత ఒక సాయంత్రం వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. రాయమల్లు రెండో షిఫ్టులో ఉన్నాడు. ఎల్లక్క గడపలో పీట వేసింది. మంచినీళ్ళ గాబు మీద మూత తీసి చెంబుతో నీళ్ళు ముంచింది. మూత అంటే ఆ బోర్డే. గాబు సైజుకు కోసి గుండ్రంగా చేసుకుంది. బాణం గుర్తు సగం మిగిలింది.

"రాయమల్లుకు నా మీద కోపముందా?" అడిగాను.

"కోపం ఎందుకు సారూ? మొన్న ఐతారం గోదారిల ఈ లైనోళ్ళ పిల్లలకు ఈత నేర్పిండు. జంగు బీ చిట్టీ రాపిచ్చిండు, జైనూర్ దిక్కు జాతరకు పోదం రమ్మని."

నేను నీళ్ళు తాగాను. చాలాసేపటి నుంచి అనుకుంటున్న మాట బయటపెట్టాను. రాయమల్లు గనిలో ఇద్దరిని కాపాడిన సంగతి, ఈత సంగతి అన్నీ వివరంగా ఇంగ్లీషులో ఒక అర్జీ రాస్తాననీ, పైపని కోసం కరీంనగర్‌లో పెద్ద అధికారికి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇస్తాననీ, దారి అంతా నాకు తెలుసనీ చెప్పాను.

ఎల్లక్క గాబు మీద మూత సరిగ్గా పెట్టింది.

"రాయి సారూ, మంచిగ రాయి" అంది. "గాని నువ్వు రావద్దు. తొవ్వ మేం అడుగుకుంట పోతం."